నీళ్లకు పది మీటర్ల లోపు తృప్తి

ఉద్యోగికి తృప్తి జీతం పెరగడం వల్ల రాదనీ, పెరగకపోవడం వల్ల పోదనీ, సరైన చోట నిలబడి సరైన ఫారం నింపడం వల్ల మాత్రమే కలుగుతుందనీ కనిపెట్టిన ఘనత మన నెల్లూరు తీరానికే దక్కింది. తూర్పు తీర జలవిహార సంస్థ ఈ సత్యాన్ని కిందటి శీతాకాలంలో పులికాట్ సరస్సు ఒడ్డున నిరూపించింది. నిరూపణ జరుగుతున్నప్పుడు నేను అక్కడే కూర్చుని రొయ్యల వేపుడు తింటున్నాను. అందుకని సాక్షిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను అల్లూరు వాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లు ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి (ఏ కార్యాలయమో చెప్పను, పింఛను ఇంకా వస్తోంది) ఏ ఫైలునూ తొందరపెట్టనివాడుగా మంచి పేరు తెచ్చుకున్నాను. రిటైరయ్యాక వారానికో వ్యాసం రాస్తున్నాను. కనుక ఆఫీసుల గొప్పతనం నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కానీ ఈ సంస్థ ముందు నేను చేతులు కట్టుకు నిలబడాల్సి వచ్చింది.

సంస్థకు పడవలు రెండు, అధికారులు పదకొండు మంది. పడవల్లో ఒకటి మరమ్మతులో ఉంది. అధికారులందరూ నెల్లూరులో ఒక భవనం నాలుగో అంతస్తులో ఉంటారు. సరస్సు మాత్రం అక్కడికి రెండు గంటల బస్సు దూరంలో, దొరవారిసత్రం దాటి లోపలికి పోతే వచ్చే నడికుప్పం అనే పల్లెలో ఉంది. (జిల్లా రెండుగా చీలి ఆ వైపంతా వేరే జిల్లాలోకి పోయిందంటారు. సరస్సుకు ఆ జీవో ఇంకా అందినట్టు లేదు.) చలికాలంలో అక్కడికి ఫ్లెమింగోలు వస్తాయి. వాటిని చూడ్డానికి జనం వస్తారు. జనాన్ని పడవెక్కించి తిప్పడం సంస్థ పని. తిప్పేవాళ్లకు జీతం పెంచాలా వద్దా అని ఆలోచించడం కూడా సంస్థ పనే. రెండో పని చాలా శ్రద్ధగా జరుగుతోంది.

ఆ ఫైలును నేను కళ్లారా చూశాను. పడవ నడిపేవారి జీతం పెంచవలసి ఉన్నదని కింది అధికారి మూడేళ్ల కిందట రాశారు. 'పెంచినచో తృప్తి పెరుగునని ఆధారమేమి?' అని పై అధికారి అడిగారు. 'పెంచి చూచిన తెలియగలదు' అని కింది అధికారి. 'తెలియనిదే పెంచుట ఎట్లు?' అని పై అధికారి. ఇద్దరిదీ న్యాయమే. అందుకని తృప్తిని కొలవడానికి 'తృప్తి విభాగం' అని ఒకటి ఏర్పాటు చేసి, దానికి పద్మనాభయ్య గారిని ఉప సంచాలకులుగా వేశారు. కారు, టాబ్లెట్టు, గాజు బల్ల ఇచ్చారు. మంచి మనిషి. ఎవరు కష్టం చెప్పుకున్నా ఓపిగ్గా రాసుకుంటారు. ఆయన రాసుకున్న తరువాత ఆ కష్టం మనది కాదు, విభాగానిది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. అతని పేరు చిన్నపోలయ్య. నడికుప్పం వాడే. నలభై నాలుగేళ్లు ఉంటాయి. సంస్థ పడవ నడుపుతాడు. మూడేళ్ల కిందట తొమ్మిదిన్నర వేలకు చేర్చుకుంటూ, 'మూడేళ్లు చెయ్యి పోలయ్యా, పద్నాలుగు వేలు చేస్తాం' అని నోటి మాట ఇచ్చారు. (నోటి మాటకు కూడా ఫైలు ఉండాలని అతనికి తెలియదు.) అంతకు ముందు అందరిలాగే సరస్సులో వలేసుకునేవాడు.

అక్కడ వలెయ్యడం అంటే ఎవరికి తోచిన చోట వాళ్లు వేసేది కాదు. సరస్సులో రొయ్యలు దొరికే చోట్లను కుప్పం జనం (కుప్పం అంటే జాలరుల పల్లె) వంతులు వేసుకుంటారు. ఆ వంతును పాడు అంటారు. కార్తీకం వెళ్లిన మొదటి సోమవారం పొద్దున వలల పాకలో అందరూ కూడతారు. చోట్ల పేర్లు రాసిన చీటీలు ఇత్తడి చెంబులో వేసి, ఎవరి చీటీ వాళ్లు తమ చేత్తోనే తీస్తారు. ఏ చోటు వస్తే ఏడాదంతా ఆ చోటు. ఇంత నిజాయితీగా, ఒక్క సంతకం లేకుండా, ఒక్క ఉప సంచాలకుడు లేకుండా తరాల నుంచి ఎలా నడుస్తోందో నాకు అర్థం కాదు. నెలజీతానికి పోయినవాడి వంతును కుప్పం మూడేళ్లు కాపాడుతుంది. నాలుగో ఏడు చీటీల వేళకు మనిషి స్వయంగా రాకపోతే ఆ వంతు పోయినట్టే. అతనికే కాదు, అతని తరువాత కొడుక్కి కూడా.

చిన్నపోలయ్యకు ఇది నాలుగో ఏడు. పద్నాలుగు వేలు వస్తే ఉద్యోగంలో ఉండిపోవడం, రాకపోతే సోమవారం పోయి చీటీ తీసుకోవడం. అతని లెక్క అంతే. అందుకే తృప్తి సర్వే వస్తోందని తెలిసినప్పుడు కుప్పంలో అందరికంటే ఎక్కువ సంతోషించింది అతనే. "ఇన్నాళ్లకు అడగతా ఉండారు సార్. అడిగితే చెప్పేదానికేముంది, ఉండేది చెప్తాం" అన్నాడు నాతో.

పద్మనాభయ్య గారు కార్తీకం మధ్యలో ఒక బుధవారం వచ్చారు. టాబ్లెట్టులో 'తృప్తి పత్రం, నమూనా ఏడు' ఉంది. (మొదటి ఆరు నమూనాల్లో ఉద్యోగులు తమంతట తాము రాయడానికి ఖాళీ గడులు ఉండేవట. అందువల్ల వాటిని ఉపసంహరించారు.) సర్వే పనిచేసే స్థలంలోనే జరగాలని నియమం. బోటు సిబ్బందికి పనిచేసే స్థలం అంటే నీళ్లకు పది మీటర్ల లోపు. అది దాటితే యాప్ తెరుచుకోదు. ఉద్యోగి వెనక నీళ్లు పడేలా ఫొటో కూడా తియ్యాలి.

అక్కడే వచ్చింది చిక్కు. దాన్ని చిక్కు అని సంస్థ ఈనాటికీ ఒప్పుకోదు.

ఆ కుప్పంలో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ల దగ్గర నిలబడి నాలుగు మాటలు అనరు. లేదు, చాలదు, వద్దు, కష్టం. అన్నమాటను గంగమ్మ వింటుంది, విన్నదాన్ని నిజం చేసి పెడుతుంది అని వాళ్ల నమ్మకం. వలలో నాచు తప్ప ఏమీ పడకపోయినా 'వేట ఎట్టుండాది?' అంటే 'బాగుండాది' అనాల్సిందే. నవ్వకండి. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనే ఇంట్లోనే మనమంతా పుట్టాం. వాళ్లు ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నారు, అంతే. చెడ్డమాట చెప్పాల్సి వస్తే రోడ్డు దాకా నడిచిపోయి, నీళ్లకు వీపు పెట్టి చెప్పుకుంటారు.

పద్మనాభయ్య గారు జెట్టీ మీద కుర్చీ వేయించుకుని ముందుగా గురవమ్మను పిలిచారు. ఆమె సంస్థ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఆమె రొయ్యల వేపుడు కోసమే నేను ఏటా రెండు గంటలు బస్సులో నిలబడి వస్తాను.

"అమ్మా, మీ రాబడి ఎలా ఉంది? చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, చాలదు. ఇందులో ఏదో ఒకటి చెప్పండి."

గురవమ్మ నీళ్ల వైపు ఓరగా చూసింది. "బాగుండాది సార్."

"బాగుందా, చాలా బాగుందా?"

"మీరు యాడ నొక్కితే ఆడ బాగుండాది సార్."

"జీతంతో ఇల్లు గడుస్తోందా?"

"బ్రహ్మాండంగా గడస్తా ఉండాది" అంది గురవమ్మ. కిందటి వారమే ఆమె తన చెవుల కమ్మలు కుదువ పెట్టిన సంగతి నాకు తెలుసు. నాతో చెప్పింది ఆమే. రోడ్డు మీద చెప్పింది.

తరువాత చిన్నపోలయ్య వంతు. పొద్దున్నే తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మూడేళ్లు ఎదురుచూసిన ప్రశ్న ఆయన నోట విన్నాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు, కింద జెట్టీ పలకల సందుల్లోంచి నీళ్లు తళతళమన్నాయి, నోరు మూసుకున్నాడు.

"సార్, రవ్వంత అట్ట రోడ్డు దాకా వస్తారా? ఆడ చెప్తా."

పద్మనాభయ్య గారు మంచివారని ముందే మనవి చేశాను. లేచి వెళ్లారు. నేను కూడా ప్లేటు పట్టుకుని వెనకే వెళ్లాను. రోడ్డెక్కాక చిన్నపోలయ్య నీళ్లకు వీపు తిప్పి ఊపిరి పీల్చుకున్నాడు.

"చాలదు సార్. తొమ్మిదిన్నర వేలు యాడికి చాలతాది? ఇంట్లో నలుగురం. చేరేటప్పుడు పద్నాలుగు చేస్తామని చెప్పినారు. చేస్తే ఇక్కడే పడుంటా, చెయ్యకుంటే కార్తీకం వెళ్లినాక సోమవారం చీటీకి పోవాల. ఏందో ఒకటి ముందే చెప్పండి సార్, నా పాడు పోతాది."

పద్మనాభయ్య గారు శ్రద్ధగా విన్నారు. టాబ్లెట్టు వైపు చూశారు. తెర బూడిదరంగుకు తిరిగి, 'మీరు పని స్థలం వెలుపల ఉన్నారు' అని చూపిస్తోంది.

"చూడు పోలయ్యా, నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. కానీ ఇక్కడ నువ్వు చెప్పేది అభిప్రాయం కిందికి రాదు. మాట కిందికి వస్తుంది. అభిప్రాయం కావాలంటే అక్కడికి వచ్చి చెప్పాలి."

"ఆడికొస్తే ఆ మాట అనకూడదు సార్."

"అయితే నీకు అభిప్రాయం లేనట్టు రాయమంటావా? అభిప్రాయం లేనివారి కాంట్రాక్టు కొనసాగదు."

ముగ్గురమూ మళ్లీ జెట్టీ దగ్గరికి నడిచాం. యాప్ తెరుచుకుంది. చిన్నపోలయ్య సరస్సుకు ఎదురుగా నిలబడి, దండం పెట్టుకునేవాడిలా చేతులు కట్టుకుని, "చాలా బాగుండాది సార్" అన్నాడు. ఫొటో తీశారు. చాలా బాగా వచ్చింది.

ఫలితాలు పది రోజుల్లో వెలువడ్డాయి. (సంస్థ చరిత్రలో ఇంత వేగంగా వెలువడినవి ఇవే.) నడికుప్పం యూనిట్ తృప్తి సూచిక ఐదుకు నాలుగు పాయింటు తొంభై ఏడు. ఆ మిగిలిన పాయింటు సున్నా మూడు కూడా ఎందుకు పోయిందంటే, ఊడ్చే ఆదిశేషమ్మ జవాబు చెప్పేటప్పుడు సిగ్నల్ అందలేదు. దీని మీద పద్మనాభయ్య గారు రాసిన నోటు కార్యాలయ సాహిత్యంలో నిలిచిపోవలసినది. 'జీతము పెంచుట యొక్క ఉద్దేశము తృప్తిని పెంచుట. ఈ యూనిట్‌నందు తృప్తి ఇప్పటికే అంచుకు చేరినది. కొలబద్ద ఐదుతో ముగియును. ఇంకను పెంచినచో పెరుగుటకు చోటు లేదు. కావున పెంపు అనవసరము.' ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇంత అందంగా 'కుదరదు' అని నేను ఒక్కసారి కూడా రాయలేకపోయాను.

అయితే ఇంత తృప్తిని ఊరికే వదిలెయ్యడం కూడా ధర్మం కాదు కదా. అందుకని యూనిట్‌లోకెల్లా ఎక్కువ తృప్తి చెందినవారికి 'తృప్తిరత్న' బిరుదు, శాలువ, జ్ఞాపిక ఇవ్వాలని నిర్ణయించారు. ఫొటో బాగా వచ్చింది కాబట్టి చిన్నపోలయ్యను ఎంపిక చేశారు. ప్రదానం సోమవారం పొద్దున పదికి, జెట్టీ మీదే. సంస్థ అధ్యక్షులవారు స్వయంగా వస్తారు. హాజరు తప్పనిసరి. రానివారిని అతృప్తులుగా పరిగణిస్తారు.

ఏ సోమవారమో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ నోటు నాలుగో అంతస్తు దిగలేదు కాబట్టి పెంపు లేదన్న సంగతి కుప్పంలో ఎవరికీ తెలియదు. యూనిట్ ఇన్‌చార్జి గిరిబాబుకు కూడా తెలియదు. ఆ అబ్బాయిదీ కాంట్రాక్టే, పాపం అతనికీ ఆశే. శనివారం చిన్నపోలయ్య ఇంటికి పోయి, "అన్నా, ఊరికే శాలువ కప్పేదానికి చైర్మన్ అంత దూరం నుంచి వస్తాడా? పెంపు స్టేజీ మీదనే చెప్తారు, చూస్తా ఉండు. నీ పేరే ముందు" అని చెప్పి వచ్చాడు.

ఆ రోజు ఆ ఇంట్లో జరిగిన మాటలు చిన్నపోలయ్య భార్య వెంకటశేషమ్మ నాకు తరువాత చెప్పింది.

"నువ్వు సోమవారం చీటీకి పో అంతే" అందట ఆమె. "శాలువ కప్పుకోని కూర్చుంటే కడుపు నిండతాదా?"

"పెంపు చెప్పే దినం నేను ల్యాకుంటే నా పేరు కొట్టేస్తారే. మూడేండ్లు చేసిందంతా ఏట్లో పోసినట్టు కాదా?"

"చేసినావులే మూడేండ్లు. ఏం చేసినారు వాళ్లు?"

"అడిగినారు కదే. ఇన్నాళ్లకు ఒకడొచ్చి ఎట్టుండావని అడిగినాడు."

"అడిగితే నువ్వు ఏం చెప్పినావు?"

చివరికి ఆమే కుప్పం పెద్ద ముత్యాలయ్య దగ్గరికి పోయి కాళ్లావేళ్లా పడింది. చీటీ మాత్రం ఎవరిది వాళ్లే తియ్యాలి, అది మార్చడానికి లేదన్నాడు ముత్యాలయ్య. కానీ చెంబును పన్నెండు దాకా ఆపుతానని ఒప్పుకున్నాడు. "పదికి మొదలైతే గంటలో అయిపోతాదిలే మ్మా, శాలువతోనే ఉరుక్కుంటా రమ్మను" అన్నాడట. జీవితంలో ఒక్క ప్రభుత్వ సభకు కూడా పోనివాడు కాబట్టి అలా అనుకున్నాడు.

సోమవారం నేను కూడా వెళ్లాను. పత్రికా రచయితగా నాకు ఆహ్వానం, ఏడాదికి ఉచిత పడవ పాసు ఇస్తామని హామీ. (ఈ పాసు సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేకపోతున్నాను.) అధ్యక్షులవారు పదింటి సభకు పదకొండుకు వచ్చారు. కారు దిగుతూనే సరస్సు చూసి, సభకు ముందు ఒకసారి పక్షులను చూసొద్దాం అన్నారు. పడవ నడిపేవాడు ఒక్కడే. అతనే ఆనాటి సన్మానితుడు. ఉతికిన చొక్కా మీద లైఫ్ జాకెట్ వేసుకుని చిన్నపోలయ్య మోటారు తిప్పాడు. పడవలో అధ్యక్షులవారు, పద్మనాభయ్య గారు, నేను.

అధ్యక్షులవారికి ఫ్లెమింగోలతో సెల్ఫీ కావాలి. ఫ్లెమింగోలకు మోటారు చప్పుడు గిట్టదు. పడవ దగ్గరికి పోతే గుంపంతా లేచి అరమైలు అవతల వాలుతుంది. మనం అక్కడికి పోతే అవి ఇక్కడికి వస్తాయి. రెండు చుట్లు అయ్యాయి. పదకొండున్నర దాటింది.

నడికుప్పం వలల పాక సరస్సులోంచి బాగా కనిపిస్తుంది. పాక ముందు జనం కూడి ఉన్నారు. మధ్యలో ఎండకు ఇత్తడి చెంబు మెరుస్తోంది. తెల్ల పంచెతో ఒక మనిషి నీళ్ల అంచు దాకా వచ్చి తువ్వాలు పైకెత్తి ఊపుతున్నాడు. ముత్యాలయ్య. చిన్నపోలయ్య చూశాడు. నేను చూశాను.

"అరె, మనకు చెయ్యి ఊపుతున్నారు!" అన్నారు అధ్యక్షులవారు. "ఎంత అభిమానం!" అని ఆయన కూడా చెయ్యి ఊపారు. పద్మనాభయ్య గారు ఊపారు. ముత్యాలయ్య ఇంకా గట్టిగా ఊపాడు. ఇటు ఇంకా గట్టిగా ఊపారు.

"ఇంకొక్క చుట్టు వేద్దాం. ఏమయ్యా, నీకేమన్నా ఇబ్బందా?" అని ఆయన మర్యాదగానే అడిగారు.

ఆ ప్రశ్నకు చాలిన మాటలు తెలుగులో బోలెడున్నాయి. వద్దు సార్ అనొచ్చు. కష్టం సార్ అనొచ్చు. కానీ మేం సరస్సు నడిబొడ్డున ఉన్నాం. నాలుగు వైపులా నీళ్లు. చిన్నపోలయ్య నా వైపు చూశాడు. నాకు ఏ కట్టుబాటూ లేదు. గంగమ్మ నా మాట పట్టించుకోదు. పొద్దున బస్సు దిగగానే అతను నాతో చీటీల సంగతంతా చెప్పి ఉన్నాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అధ్యక్షులవారు నా పక్కనే కూర్చుని ఉన్నారు, నా పాసు మీద సంతకం ఇంకా పడలేదు. నేను పక్షులను చూశాను.

"బాగుంటాది సార్" అన్నాడు చిన్నపోలయ్య, చుక్కాని తిప్పుతూ.

సిగ్గేస్తోంది ఈ వాక్యం రాయడానికి. అయినా రాశాను, ఎందుకంటే వ్యవస్థను తిట్టే వ్యాసాల్లో రాసేవాడు ఎప్పుడూ ఒడ్డున నిలబడి ఉంటాడు. ఈసారి పడవలో ఉన్నాడు.

సెల్ఫీ కుదరలేదు. పన్నెండుంబావుకు ఒడ్డు చేరాం, సన్మానితుణ్ణి దిగగానే వేదిక మీద కూర్చోబెట్టారు. సభ ఒంటిగంటకు మొదలైంది. అధ్యక్షులవారు నలభై నిమిషాలు మాట్లాడారు. జీతం చేతికి అందేదనీ, తృప్తి మనసుకు అందేదనీ, చెయ్యి చిన్నదనీ, మనసు పెద్దదనీ సెలవిచ్చారు. గిరిబాబు చివరి దాకా కుర్చీ అంచున కూర్చుని పెంపు మాట కోసం చూశాడు. రాలేదు. చిన్నపోలయ్యకు శాలువ కప్పి జ్ఞాపిక ఇచ్చారు. ప్లాస్టర్‌తో చేసిన ఫ్లెమింగో అది. ఒంటికాలి మీద నిలబెట్టారు. రెండో కాలు చెయ్యలేదు.

"తృప్తిరత్న గారు రెండు మాటలు మాట్లాడతారు" అని మైకు చేతికిచ్చారు. చిన్నపోలయ్య మైకును చూశాడు. వేదిక జెట్టీ మీద ఉంది. కింద నీళ్లు. "బాగుండాది" అన్నాడు. చప్పట్లు మోగాయి. రెండు మాటలు అడిగితే ఒక్క మాటతో సరిపెట్టిన వినయాన్ని పద్మనాభయ్య గారు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

శాలువతోనే ఉరుక్కుంటూ పోయాడు. పాకలో చెంబు బోర్లించి ఉంది. జనం వెళ్లిపోయారు. ముత్యాలయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా నడిపించుకుపోయి, అప్పుడు చెప్పాడు.

"పన్నెండున్నర దాకా ఆపినా అబ్బయా. జనం గోల చేసినారు. నిన్ను పిలిచినాను కూడా. నువ్వు చెయ్యి ఊపుకుంటా పోయినావు."

"నేను ఊపలా సామీ."

"ఎవురో ఊపినారు. నీ పడవే గదా."

ఆ సాయంత్రం ఆ కుప్పంలో నాకు కాఫీ సహించలేదు. గురవమ్మ ప్లేటులో వేపుడు తెచ్చి పెట్టి డబ్బు తీసుకోనంది. ఒక మనిషి తరతరాల వంతు ఒక సెల్ఫీ కోసం పోయింది. సెల్ఫీ కూడా రాలేదు. నాకు ఒళ్లు మండింది. మరునాడే నెల్లూరు పోయి, లిఫ్టు పనిచెయ్యక నాలుగు అంతస్తులు ఎక్కి, పద్మనాభయ్య గారి ముందు కూర్చుని ఆ కట్టుబాటు సంగతంతా వివరించాను. వాళ్లు నీళ్ల దగ్గర చెప్పింది నమ్మొద్దని, రోడ్డు మీద చెప్పింది వినాలని, పెంపు ఇచ్చి ఆ మనిషిని ఇప్పుడైనా నిలబెట్టాలని మొత్తుకున్నాను. ఆయన ఒక్క మాట కూడా వదలకుండా రాసుకున్నారు. కళ్లు చెమర్చాయి కూడా. నేను తృప్తిగా కిందికి దిగాను.

రెండు వారాల్లో సర్క్యులర్ వచ్చింది. నీటి సామీప్యం వల్ల ఉద్యోగుల తృప్తి గణనీయంగా పెరుగుతున్నట్టు ఒక ప్రముఖ రచయిత పరిశీలనలో తేలినందున, ఇకపై సంస్థ యూనిట్లన్నిటిలో (మెట్ట ఊళ్లలో టిక్కెట్లు అమ్మే గదులు కూడా యూనిట్లే) సర్వే నీళ్ల దగ్గరే జరపాలని అందులో ఉంది. సరస్సు లేని చోట రెండు వందల లీటర్ల తొట్టి ఏర్పాటు చేయవలెను. తొట్లకు టెండర్లు పిలిచారు. వచ్చాయి, నింపారు. అయితే మెట్ట ప్రాంతాల సిబ్బంది ఏ భయభక్తులూ లేకుండా తొట్టి మీద చెయ్యి వేసి మరీ 'చాలదు' అన్నారు. దాంతో తొట్లు నిరుపయోగమని తేలి రెండో సర్క్యులర్ వచ్చింది. ఇకపై సిబ్బందిని కుప్పాల నుంచి మాత్రమే తీసుకోవాలి.

నేను చేసిన మేలు అది.

అదే నెలలో అధికారుల తృప్తి కూడా కొలిచారు. వాళ్లు పనిచేసే స్థలం నాలుగో అంతస్తు కాబట్టి పత్రాలు అక్కడే నింపారు. పదకొండు మందీ 'చాలదు' అనే రాశారు. తృప్తి పెరగడానికి బోలెడంత చోటు ఉందని తేలింది. పదకొండు మందికీ జీతం పెరిగింది.

మాఘంలో ఒకసారి మళ్లీ నడికుప్పం పోయాను. చిన్నపోలయ్య పడవ నడుపుతూనే ఉన్నాడు. అదే తొమ్మిదిన్నర వేలు. పోవడానికి ఇక పాడు లేదు. సరస్సు మధ్యలో "ఎట్టుండావు పోలయ్యా?" అని అడిగి నాలుక కరుచుకున్నాను. "బాగుండా సార్" అన్నాడు. సాయంత్రం బస్సు దాకా నాతో నడిచి వచ్చాడు. రోడ్డెక్కి నీళ్లకు వీపు తిప్పాక నేను అధికారుల సంగతి చెప్పేశాను. దాచుకోలేకపోయాను. అతనికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నాలుగో అంతస్తు కదా సార్. అంత ఎత్తుకు గంగమ్మకు ఏం వినపడతాది. మమ్మల్ని కూడా ఆడికే పిలిచి అడిగుంటే, చాలదు, కష్టంగా ఉండాదని చెప్పుందుము."

ఈ మాట అతను రోడ్డు మీద అన్నాడు. కాబట్టి ఇది అభిప్రాయం కిందికి రాదు.